ఏ పోగుని మీటాలి?

నానక్‌రామ్‌గూడ అనగానే అందరికీ గుర్తొచ్చేవి అద్దాల బిల్డింగులు, ఔటర్ రింగు రోడ్డు, సాయంత్రం ఆరు దాటితే కదలని క్యాబులు. ఇక్కడ ఏం పని జరుగుతుందిరా అని ఊళ్ళో చుట్టాలు అడిగితే "కంప్యూటర్ పని" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. బ్యాంకుల పని, ఇన్సూరెన్సు పని, అమెరికా వాడి సెలవు రోజున కూడా చేసే సపోర్టు పని.. ఎక్కువ భాగం అదే, కాదనను.

కానీ ఇదే నానక్‌రామ్‌గూడలో 2021 ఏప్రిల్‌లో మెడ్‌ట్రానిక్ వాళ్ళ ఇంజనీరింగ్ అండ్ ఇన్నొవేషన్ సెంటర్ తెరుచుకుంది. పెట్టుబడి దాదాపు 1200 కోట్లన్నారు. 2023 మే నెలలో ఇంకో 3000 కోట్లు పెడతామన్నారు. అమెరికా బయట వాళ్ళకున్న అతి పెద్ద పరిశోధన కేంద్రం ఇదేనట. 1949లో మినియాపొలిస్‌లో ఒక గరాజ్‌లో మొదలై, 1957లో బ్యాటరీతో నడిచే పేస్‌మేకర్ చేసిన కంపెనీ అది. అంటే ఒంట్లోకి తీగ పంపి కొద్దిపాటి కరెంటు ఇచ్చే వస్తువులు చేసే కంపెనీ. నేనక్కడ పని చెయ్యను, వాళ్ళ తరఫున మాట్లాడటమూ లేదు. నాకు ఆసక్తి ఆ తీగ చివర ఉండే చిన్న లోహం ముక్క మీద. దాన్నే ఎలక్ట్రోడ్ అంటారు.

నేను చెప్పదల్చుకున్నవి రెండే రెండు మాటలు. ఒకటి, ఎలక్ట్రోడ్ దగ్గర పోయిన సమాచారాన్ని ఎంత గొప్ప సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు. రెండు, మనిషి ఒంట్లో పెట్టిన తీగకి ఆ మనిషి బతికినంత కాలం ఎవరో ఒకరు జవాబుదారీగా ఉండాలి. ఆ సంగతి కొనేటప్పుడే, టెండర్ కాగితంలోనే రాసుకోవాలి. మొదటి మాట అర్థమైతే గానీ రెండోది ఎందుకంత ముఖ్యమో తెలీదు, కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

అసలు నరం ఎలా ఉంటుంది?

మన వీధుల్లో కరెంటు స్తంభాలకి వేలాడే కేబుల్ గుత్తులు చూశారు కదా. ఒకటి టీవీది, ఒకటి ఇంటర్నెట్టుది, ఇంకోటి ఎవడిదో ఎవడికీ తెలీదు. చేతిలోకి వచ్చే నరం కూడా అలాంటిదే, కాకపోతే చాలా పద్ధతిగా ఉంటుంది. కొన్ని మిల్లీమీటర్ల మందంలో వేలకి వేల పోగులు. ఆ పోగులు కట్టలు కట్టలుగా ఉంటాయి. ఒక్కో కట్టకీ ఒక పొర, అన్ని కట్టలకీ కలిపి పైన ఇంకో పొర. కొన్ని పోగులు మెదడు ఆజ్ఞని కండరానికి మోసుకెళ్తాయి, కొన్ని వేలి చివరి స్పర్శని మెదడుకి తీసుకొస్తాయి, కొన్ని నొప్పిని తెస్తాయి.

ఇప్పుడు బయటినుంచి కరెంటు ఇచ్చి ఇందులో ఒక్క చూపుడువేలి స్పర్శ పోగుల్నే కదిలించాలి. పక్కనున్న నొప్పి పోగులు కదలకూడదు, కండరం పోగులు కదలకూడదు. వీణకి ఏడు తీగలుంటేనే సరైన తీగ మీటడానికి ఏళ్ళ సాధన కావాలి. ఇక్కడ వేల తీగలు, అన్నీ ఒకదానికొకటి అంటుకుని, పైన రెండు దుప్పట్లు కప్పుకుని ఉన్నాయి. మీటేది వేలితో కాదు, కరెంటుతో. కరెంటు పెళ్ళి పందిట్లో మైకు సెట్టు లాంటిది. పెళ్ళివారికి వినపడాలని పెడతాం, వీధంతా వింటుంది.

ఇంకో చిక్కుంది. మామూలుగా మనం చెయ్యి కదిపినప్పుడు మెదడు ముందు సన్న పోగుల్ని పిలుస్తుంది, బలం కావాలంటే తర్వాత లావు పోగుల్ని పిలుస్తుంది. అందుకే గ్లాసు ఎత్తడానికి గడ్డపార ఎత్తేంత బలం వాడం. బయటినుంచి కరెంటు ఇస్తే మాత్రం వరస తిరగబడుతుంది. లావు పోగులు తేలిగ్గా స్పందిస్తాయి కాబట్టి అవే ముందు లేస్తాయి. అవి నడిపే కండరం బలమైనదే కానీ త్వరగా అలసిపోతుంది. ఫలితంగా కదలిక మొరటుగా వస్తుంది, కాసేపటికే కండరం చేతులెత్తేస్తుంది.

దగ్గరికి వెళ్ళాలా, దూరంగా ఉండాలా?

ఎలక్ట్రోడ్ తయారు చేసేవాళ్ళ తగువంతా ఇక్కడే. నరం చుట్టూ పట్టీలా కట్టేవి ఉన్నాయి, వాటిని కఫ్ అంటారు. నరాన్ని గుచ్చవు కాబట్టి ఏళ్ళ తరబడి ఉంటాయి. కానీ బయటే ఉంటాయి కాబట్టి లోపలి కట్టల్ని విడివిడిగా అందుకోలేవు.

అమెరికాలో కేస్ వెస్ట్రన్ రిజర్వ్ యూనివర్సిటీలో టైలర్, డ్యూరాండ్ అనే ఇద్దరు 2002లో దీనికో చక్కని ఉపాయం ప్రచురించారు. నరాన్ని గుండ్రంగా ఉండనివ్వకుండా మెల్లగా బల్లపరుపుగా సర్దితే ఎలా ఉంటుంది? ముద్దగా ఉన్న కట్టలు పక్కపక్కకి వస్తాయి, పైనున్న ఒక్కో ఎలక్ట్రోడ్‌కీ ఒక్కో కట్ట దగ్గరవుతుంది. నరాన్ని గుచ్చలేదు, కొత్త చిప్పూ పెట్టలేదు, ఆకారం మార్చారంతే. చెయ్యి పోయిన ఇగోర్ స్పెటిక్ అనే ఆయనకి 2012లో క్లీవ్‌లాండ్‌లో ఇలాంటివి పెడితే, కృత్రిమ చేత్తో చెర్రీ పండుని చిదమకుండా పట్టుకుని తొడిమ తీయగలిగాడు. అదీ కళ్ళకి గంతలు కట్టుకుని.

ఇంకో పద్ధతి, నరంలోకే దూరడం. యూటా యూనివర్సిటీ వాళ్ళు సూదుల పరుపులాంటిది చేశారు. నాలుగు మిల్లీమీటర్ల చదరంలో వంద సూదులు, అర మిల్లీమీటర్ నుంచి ఒకటిన్నర మిల్లీమీటర్ దాకా ఏటవాలుగా పొడవు పెరుగుతూ ఉంటాయి. ఒక్కో సూది ఒక్కో లోతుకి చేరాలని ఆ ఏటవాలు. ఐరోపాలో నరానికి అడ్డంగా సన్న దారంలా దూర్చే ఎలక్ట్రోడ్ చేశారు. బాణసంచా ప్రమాదంలో చెయ్యి పోగొట్టుకున్న డెన్నిస్ సోరెన్సన్ అనే డెన్మార్క్ ఆయనకి 2013 జనవరిలో రోమ్‌లో అలాంటివి నాలుగు పెట్టారు. చూడకుండానే చేతిలో ఉన్నది మెత్తనిదో గట్టిదో చెప్పగలిగాడు. తొమ్మిదేళ్ళ తర్వాత ఆ చేతిలో ఏదో ఉన్నట్టు తెలిసింది. కానీ నిబంధనల ప్రకారం నెల తిరక్కుండా వాటిని తీసేశారు.

లోపలికి వెళ్తే వచ్చే కష్టాలూ తక్కువేం కాదు. సిలికాన్ సూది నరం కంటే లక్షల రెట్లు గట్టిది. చెయ్యి కదిలిన ప్రతిసారీ నరం సాగుతుంది, సూది సాగదు. ఒళ్ళు దాన్ని ముల్లులా చూసి చుట్టూ ఒక మచ్చ పొర కట్టేస్తుంది. అప్పుడు అంతే ఫలితానికి ఇంకా ఎక్కువ కరెంటు కావాలి. కరెంటు పెరిగితే మళ్ళీ పక్క పోగులకి పాకుతుంది. పైగా ఒకే వైపు కరెంటు పంపుతూ ఉంటే లోహం కరుగుతుంది, కణజాలం దెబ్బతింటుంది. అందుకే ఇచ్చిన ప్రతి పల్స్‌కీ అంతే విద్యుదావేశాన్ని తిరుగు దిశలో పంపి లెక్క సున్నా చేస్తారు. ప్లాటినం, ఇరీడియం ఆక్సైడ్ లాంటివి వాడేది కూడా ఈ తిప్పలకే.

సరైన పోగు తగలకపోతే ఏమవుతుందో ఒక చిన్న ఉదాహరణ. మూర్ఛకి మెడలో వేగస్ నరానికి కరెంటిచ్చే పరికరాన్ని అమెరికాలో 1997లో అనుమతించారు. పని చేస్తుంది. కానీ చాలామందికి కరెంటు వచ్చినప్పుడల్లా గొంతు బొంగురు పోతుంది. ఎందుకంటే స్వరపేటికకి వెళ్ళే పోగులు కూడా అదే నరంలో ఉన్నాయి. నిద్రలో ఊపిరి ఆగిపోయేవాళ్ళకి నాలుక నరానికి పెట్టే పరికరం 2014లో వచ్చింది. దాంట్లో నాలుకని ముందుకి తోసే కొమ్మలకే పట్టీ కట్టాలి. వెనక్కి లాగే కొమ్మ కూడా కలిసిందో, పని బెడిసికొడుతుంది. మెడ్‌ట్రానిక్ వాళ్ళ ఇంటర్‌స్టిమ్ అనే పరికరం 1997 నుంచి మూత్రం ఆపుకోలేని వాళ్ళకి నడుం కింద నరానికి పెడుతున్నారు. తీగ సరైన చోట పడిందో లేదో తెలుసుకోవడానికి డాక్టర్లు చూసే గుర్తుల్లో ఒకటేంటో తెలుసా? కాలి బొటనవేలు వంగిందా అని! కోట్ల ఖర్చుతో చేసిన పరికరానికి చివరి పరీక్ష బొటనవేలు. నాకు ఈ రంగం నచ్చడానికి ఇదొక కారణం, ఇక్కడ డెమోలో మాయ చేసి తప్పించుకోలేం.

మన దగ్గరి సంగతి

ఇదంతా ఎక్కడో క్లీవ్‌లాండ్, రోమ్ కథ అనుకుంటే పొరపాటు. నరాలకి కరెంటిచ్చే ఎలక్ట్రోడ్లు మన పల్లెల్లో ఇప్పటికే ఉన్నాయి. చెవిలో. కాక్లియర్ ఇంప్లాంట్ అంటే అదే. చెవిలో నత్తగుల్లలాంటి భాగంలోకి సన్నటి తీగ దూర్చి, వినికిడి నరాన్ని నేరుగా కదిలిస్తారు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పుట్టు చెవుడున్న పేద పిల్లలకి ఈ ఆపరేషన్ చేయించింది. కేంద్రం కూడా 2014లో సవరించిన అడిప్ పథకంలో ఒక్కో ఇంప్లాంటుకి 6 లక్షల దాకా ఇస్తామంది. కూలి పని చేసుకునే ఇంట్లో పిల్లాడికి ఇంత ఖరీదైన పరికరం సర్కారు ఖర్చుతో పెట్టడం మామూలు విషయం కాదు. దానికి మెచ్చుకోవాల్సిందే.

ఇప్పుడు లెక్క చూడండి. చెవిలో వినికిడి నరానికి దాదాపు 30,000 పోగులుంటాయి. ఇంప్లాంటులో ఎలక్ట్రోడ్లు కంపెనీని బట్టి 12 నుంచి 22. అవి నరాన్ని తాకవు, ఉప్పునీటిలాంటి ద్రవంలో తేలుతూ ఉంటాయి. ఉప్పునీళ్ళలో కరెంటు ఎలా పాకుతుందో మీకు తెలుసు. అందుకే 22 పెట్టినా, విడివిడి దారులుగా పనికొచ్చేవి సుమారు ఎనిమిదే అని పరిశోధనలు చెబుతున్నాయి.

తెలుగు పిల్లాడికి దీని అర్థం ఏంటి? "గది", "గాది" తేడా కాలంలో ఉంటుంది. "కల", "కల్ల" తేడా కూడా అంతే. కాలం తేడాని ఇంప్లాంట్ బాగానే అందిస్తుంది. కానీ "పాట", "పాత".. "కల", "కళ".. ఈ తేడా నాలుక ఎక్కడ తాకింది అన్నదాంట్లో ఉంది, అంటే ధ్వనిలోని పౌనఃపున్యాల సన్న తేడాలో ఉంది. ఎనిమిది దారుల్లోంచి దూరేటప్పుడు అరిగిపోయేది అదే. ఏ భాషలోనైనా ఇంప్లాంట్ వాడేవాళ్ళకి కష్టమైన చోటు ఇదే. మన భాషలో ట-త, ణ-న, ళ-ల జంటలు ఎన్నున్నాయో మీకు చెప్పక్కర్లేదు.

"ఏముంది, ఏఐ వచ్చింది కదా, సాఫ్ట్‌వేర్ సర్దేస్తుంది" అనే మాట మన కారిడార్‌లో ఈ మధ్య ప్రతి దానికీ వినిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ ఏం చెయ్యలేదని నేననడం లేదు. 1991లో బ్లేక్ విల్సన్ బృందం అన్ని ఎలక్ట్రోడ్లకీ ఒకేసారి కాకుండా ఒకదాని తర్వాత ఒకటిగా, అతి వేగంగా పల్స్‌లు ఇచ్చే పద్ధతి ప్రచురించింది. ఎలక్ట్రోడ్లు పాతవే, మాట అర్థమవడం మాత్రం ఒక్కసారిగా మెరుగైంది. సాఫ్ట్‌వేర్ వాళ్ళందరూ గర్వపడాల్సిన సంగతి. కానీ జాగ్రత్తగా చూస్తే అది ఉన్న దారుల్లో బళ్ళు గుద్దుకోకుండా పంపడం. దారి లేని చోట దారి వెయ్యడం కాదు. గోల తగ్గించడం, మాటని వేరు చెయ్యడం ఏఐ బ్రహ్మాండంగా చేస్తుంది, అది నరానికి ముందు జరిగే పని. నరం దగ్గర మాత్రం ఎనిమిది ఎనిమిదే. ఆ అంకె పెంచాలంటే లోహం, ఆకారం, మెత్తదనం, సర్జన్ చెయ్యి.. వీటి మీద పని చెయ్యాలి. అంటే మనం ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో చివరికి వదిలేసే బ్రాంచీల పని. ఉస్మానియాలో బయోమెడికల్ ఇంజనీరింగ్ ఉందని, కందిలో ఐఐటీ హైదరాబాద్‌లో అదే పేరుతో డిపార్ట్‌మెంటు ఉందని మనలో ఎంతమందికి తెలుసు?

తీగ మిగిలింది, కంపెనీ పోయింది

ఇక రెండో మాట. సాఫ్ట్‌వేర్‌లో మనకి "ఎండ్ ఆఫ్ సపోర్ట్" అనేది మామూలు విషయం. ఒక మెయిలు వస్తుంది, కొత్త వెర్షన్‌కి మారిపోతాం. ఒంట్లో ఉన్నదానికి ఆ మెయిలు వస్తే?

ఊహించి చెప్పడం లేదు. రెండు చేతులూ పడిపోయిన వాళ్ళకి మళ్ళీ పిడికిలి పట్టే వీలు కల్పించిన ఫ్రీహ్యాండ్ అనే పరికరాన్ని 1997లో అమెరికాలో అనుమతించారు. దాదాపు 250 మందికి పెట్టారు. 2001లో ఆ కంపెనీ దాన్ని ఆపేసింది. పని చెయ్యక కాదు, లాభం రాక. తలనొప్పికి ముఖంలో నరాల ముడి దగ్గర పెట్టే పరికరం చేసిన ఆటోనామిక్ టెక్నాలజీస్ 2019లో మూతపడింది. కంటికి ఆర్గస్ చేసిన సెకండ్ సైట్ కూడా అదే ఏడాది ఆ తయారీ ఆపింది, అప్పటికి 350 మందికి పైగా కళ్ళలో అది ఉంది. పాడైతే బాగుచేసే దిక్కు లేదు, తీయించుకుందామంటే మళ్ళీ ఆపరేషన్.

మన దగ్గర అంత ఘోరం జరక్కపోయినా, చిన్న రూపంలో రోజూ జరుగుతూనే ఉంది. మా కొలీగ్ వాళ్ళ అక్కది వరంగల్ దగ్గర ఒక పల్లె. ఆవిడ కొడుక్కి చిన్నప్పుడే ప్రభుత్వ పథకంలో ఇంప్లాంట్ పెట్టారు. లోపలి తీగ భేషుగ్గా ఉంది. చెవి వెనక పెట్టుకునే బయటి భాగానికి కేబుల్ తెగింది. వారంటీ అయిపోయింది. హైదరాబాద్ రెండు సార్లు తిరిగి, వేలకి వేలు అప్పు చేసి కొత్తది వేయించేసరికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ రెండో తరగతి పిల్లాడు బడిలో ఏమీ వినపడకుండా కూర్చున్నాడు. లక్షల ఆపరేషన్, వేల రూపాయల కేబుల్ దగ్గర ఆగిపోయింది.

లోపలి భాగానికి సాధారణంగా పదేళ్ళ వారంటీ ఇస్తారు, బయటి భాగానికి అంతకన్నా తక్కువ. ఏడాది వయసులో పెట్టిన పిల్లాడు డెబ్భై ఏళ్ళు బతుకుతాడు. మధ్యలో ఉన్న ఆ అరవై ఏళ్ళు ఎవరివి? ఒక కంపెనీ లోపలి భాగానికి ఇంకో కంపెనీ బయటి భాగం పనికిరాదు. అంటే ఏడాది వయసులో, ఆ పిల్లాడి తరఫున, ఒక టెండర్ కమిటీ జీవితాంతానికి ఒక కంపెనీతో పెళ్ళి చేసేసింది.

అందుకని నేను అడిగేవి మూడు.

మొదటిది, ప్రభుత్వ డబ్బుతో కొనే ప్రతి ఇంప్లాంట్ టెండర్‌లో తక్కువ ధర ఒక్కటే కాకుండా, కనీసం పాతికేళ్ళు విడిభాగాలు ఇస్తామన్న షరతు ఉండాలి. కేబుల్, కాయిల్, బ్యాటరీ ధరలు కూడా అప్పుడే తేల్చాలి.

రెండోది, కంపెనీ ఆ వ్యాపారం మానేస్తే లోపలి, బయటి భాగాలు మాట్లాడుకునే పద్ధతి వివరాలు ప్రభుత్వ సంస్థకి అప్పజెప్పాలి. మన రంగంలో సోర్స్ కోడ్ ఎస్క్రో అని పెద్ద బ్యాంకులు ప్రతి చిన్న వెండరు దగ్గరా రాయించుకుంటాయి. బ్యాంకుకున్న తెలివి సర్కారుకి ఉంటే తప్పేంటి?

మూడోది, ఒక్కో ఎలక్ట్రోడ్‌కి ఎంత కరెంటు అన్న సెట్టింగుల ఫైలు తల్లిదండ్రుల చేతికి ఇవ్వాలి. ఎక్స్-రే ఇచ్చినట్టే.

"ఇన్ని షరతులు పెడితే ధర పెరుగుతుంది, అప్పుడు పదిమందికి బదులు ఎనిమిదిమందికే ఆపరేషన్ అవుతుంది, ఆ ఇద్దరికీ ఏం చెప్తావు?" అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఏంటంటే, ఆ ధర ఇప్పుడు కూడా ఉంది. కాకపోతే సర్కారు లెక్కల్లో కనపడకుండా ఆ అమ్మ చేసిన అప్పులో ఉంది. పైగా వేలాది ఇంప్లాంట్లు ఒకేసారి కొనేవాడికి బేరమాడే బలం ఉంటుంది, పల్లె నుంచి ఒక్క కేబుల్ కోసం వచ్చిన తల్లికి ఉండదు. 2017 ఫిబ్రవరిలో గుండె స్టెంట్లకి గరిష్ఠ ధర పెట్టినప్పుడు కూడా కంపెనీలు దేశం వదిలి పోతాయని భయపెట్టారు. స్టెంట్లు ఇంకా దొరుకుతూనే ఉన్నాయి.

మనం చెయ్యలేమా అన్న ప్రశ్నకి కూడా ఇక్కడే జవాబుంది. కలాం గారు క్షిపణులు చేస్తూనే, డాక్టర్ సోమరాజు గారితో కలిసి 1990లలో చవకైన స్టెంట్ చేయించారు. నిమ్స్‌లో పోలియో పిల్లల కోసం కిలోల బరువున్న కాలిపర్‌ని క్షిపణి పదార్థంతో 300 గ్రాములకి తెచ్చారు. విశాఖలో టార్పెడోలు చేసే ఎన్‌ఎస్‌టీఎల్ ప్రయోగశాల స్వదేశీ కాక్లియర్ ఇంప్లాంట్ మీద ఏళ్ళ తరబడి పని చేసింది. నీటి అడుగున చప్పుడు వినే వాళ్ళు పిల్లల చెవుల సంగతి ఆలోచించడం నాకు భలే నచ్చింది. ఇప్పుడు విశాఖలో మెడ్‌టెక్ జోన్ ఉంది, ఇక్కడ సుల్తాన్‌పూర్‌లో మెడికల్ డివైసెస్ పార్కు ఉంది. నానక్‌రామ్‌గూడలో ప్రపంచ స్థాయి పరికరాల మీద పని చేసిన ఇంజనీర్లు వందల్లో తయారవుతున్నారు. వాళ్ళలో పదిమంది బయటికొచ్చి, ఒక సర్జన్నీ ఒక ఆడియాలజిస్టునీ కలుపుకుని, ముందు ఆ తెగే కేబుల్ సంగతి చూసినా చాలు. ఎనిమిది దారుల్ని పదహారు చెయ్యడం తర్వాత మెట్టు.

నరంలో ఏ పోగుని మీటాలో తేల్చడం కష్టమైన ఇంజనీరింగ్, దానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టినా పట్టొచ్చు. టెండర్‌లో మూడు షరతులు రాయడానికి మాత్రం ఒక మధ్యాహ్నం సరిపోతుంది. ఈ పథకాలు నడిపే ఆఫీసుల్లో మీకు తెలిసినవాళ్ళెవరైనా ఉంటే ఈ మూడూ వాళ్ళ చెవిన వెయ్యండి. మీ ఇంట్లోనో, చుట్టాల్లోనో ఇంప్లాంట్ పెట్టుకున్న పిల్లలుంటే వాళ్ళ అనుభవం రాయండి, కేబుల్ ధరతో సహా.